జక్కయ్యగారి గంప

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. అది మీ తప్పు కాదు. ఈ కథ తిరిగే ఊరికి మనం ఉండే ఊరు చాలా దూరం. అక్కడి పిల్లలకు దీన్ని ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. బియ్యం కడిగే చోట, చాపలు పరిచే చోట అదే వాళ్ల చెవిన పడుతుంది. మీకు మాత్రం నేను కూర్చోబెట్టి చెప్పాలి. విన్నది విన్నట్టే చెబుతాను. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పుకునే చోట, ఆ మాట కూడా మీకు చెప్పేస్తాను.

రోడ్డు ఇంకా ఊళ్లోకి రాని రోజుల్లో, కాలువ మీద పడవలే కబుర్లు మోసుకొచ్చే రోజుల్లో, రెల్లుపాలెం అని ఒక ఊరుండేది. ఊరికి రెండే వీధులు, ఎగువ వీధి, దిగువ వీధి. రెండు వీధుల మధ్య ఒక తాటాకు చర్చి. ఆ చర్చికి ఒక పాస్టరుగారు. ఆయన పేరు జక్కయ్య.

జక్కయ్యగారు పొట్టి మనిషి. ప్రసంగం చెప్పాలంటే పీట ఎక్కాలి. పీట ఎక్కినా వెనక చాప మీద వాళ్లకి ఆయన నుదురే కనిపించేది. గొంతు చిన్నది. పాట ఎప్పుడూ శ్రుతి తప్పేది. పక్క ఊరి పాస్టరుగారు ప్రసంగం మొదలుపెడితే చూరులో పావురాలు ఎగిరిపోయేవట. మన జక్కయ్యగారు మొదలుపెడితే ఎగిరిపోయిన పావురాలు తిరిగొచ్చి వాలేవట.

ఆయనకి ఒక అలవాటుండేది. సంత రోజున పట్నం దాకా నడిచి వెళ్లేవారు. ముందు పడవల రేవులో నిలబడి వినేవారు. తరవాత సంతలో తిరుగుతూ వినేవారు. ఆ తరవాత కాఫీ హోటలు అరుగు మీద కూర్చుని, ఎవరో ఒకరు పేపరు పైకి చదువుతుంటే వినేవారు. తిరిగొచ్చి ఊళ్లో గడపగడపా తిరిగి ఆ కబుర్లూ వినేవారు. ఆదివారం పీట ఎక్కి అన్నీ చెప్పేవారు. సముద్రం అవతల యుద్ధం జరుగుతోంది. ఉత్తరాన తుఫాను వచ్చింది. సారమ్మగారి గేదె ఈనింది, పెయ్యదూడ. అన్నీ ఒకే గొంతుతో చెప్పేవారు. యుద్ధం పెద్దది, గేదె చిన్నది అనే తేడా ఆయనకి లేదు.

చెప్పి, మూడు ప్రశ్నలు అడిగేవారు.

"ఈ వారం ఎవరు నవ్వారు? ఎవరు ఏడ్చారు? ఎవరు రాలేదు?"

నవ్వినవాళ్ల కోసం ఒక పాట పాడేవారు. ఏడ్చినవాళ్ల కోసం ఒక ప్రార్థన చేసేవారు. రానివాళ్ల ఇంటికి చర్చి అయిపోగానే అందరూ కలిసి వెళ్లేవారు. అదే ఆయన ప్రసంగం.

వెనక చాప మీద మార్తమ్మ అని ఒకామె కూర్చునేది. మంత్రసాని. ఊళ్లో సగం మందికి ఆమే బొడ్డు కోసింది. అందుకని ఎవరినైనా ఎంత మాటైనా అనేది.

"అయ్యగారూ, ఆ యుద్ధం సంగతి మాకెందుకండీ?" అంది ఒకసారి. "ఆ రాజులు మన చుట్టాలా?"

"రాజులు కాదు మార్తమ్మా. అక్కడ ఎవరు ఏడ్చారు?"

"ఇంకెవరు? తల్లులు."

"తల్లులు మన చుట్టాలేగా?"

ఆ ఆదివారం ఊరూ పేరూ తెలియని తల్లుల కోసం రెల్లుపాలెం ప్రార్థన చేసింది. తుఫాను కబురు విన్న ఆదివారమైతే ఇంటింటా గంప తిప్పి, బియ్యం పడవకెక్కించి ఉత్తరానికి పంపింది.

ఇక బియ్యం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే కథ అర్థం కాదు.

రెల్లుపాలెంలో ఏ ఇంట్లోనైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేవారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి చర్చిలో ఇచ్చేవారు. జక్కయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ, ఆ బియ్యమంతా ఒకే గంపలో పోసి, చేత్తో కలిపి, ఆమేన్ అనేవారు. ఆ గంపే వాళ్లకి వారం గ్రాసం.

దాంతో వచ్చిన చిక్కంతా ఆయన భార్య రాహేలమ్మగారిది. ఒక ఇంటివి కొత్త బియ్యం, ఒక ఇంటివి పాత బియ్యం. ఒకళ్లవి దంపుడువి, ఒకళ్లవి నూకలు. అన్నీ కలిపి వండితే సగం చిమిడేది, సగం పలుకుగా ఉండేది.

"ఏవండీ, నా పెళ్లయిన దగ్గర్నుంచీ పదునుగా అన్నం ఒక్క పూట వండలేదు నేను," అనేది రాహేలమ్మగారు. "మా అమ్మ చూస్తే సిగ్గుపడుతుంది."

"పలుకు పంటి కింద పడిందనుకో, నాకు ఒక ఇల్లు గుర్తొస్తుంది," అనేవారు జక్కయ్యగారు. "ఆ ఇంటి కోసం ప్రార్థన చేసుకుంటాను."

"అయితే ఇవాళ ఊరంతటికీ చేసుకోండి. అంతా పలుకే."

ఇలా వాళ్లు సుఖంగా ఉన్నారు. ఊరూ సుఖంగా ఉంది. అప్పుడు జక్కయ్యగారు ఒక మంచి కబురు తెచ్చారు. ఆ మంచి కబురే ఊరిని రెండు చేసింది.

కాఫీ హోటలు అరుగు మీద విన్నారట. ఆదివారం పీట ఎక్కి, సంతోషంగా చెప్పారు. "సర్కారువారు మన వైపు మోటారు రోడ్డు వేస్తారట!"

అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఎగువ వీధి పెద్ద ఆశీర్వాదం లేచి, "మా వీధి మీదుగా వేస్తారు. మాది మెరక," అన్నాడు.

దిగువ వీధి పెద్ద ఏసోబు లేచాడు. "మెరక మీదకి మోటారు ఎక్కదు బావగారూ, ఆయాసపడుతుంది. మా వీధి మీదుగా వేస్తారు."

వాళ్లిద్దరూ వియ్యంకులు. ఏసోబు కూతురు ఎస్తేరుని ఆశీర్వాదం కొడుక్కిచ్చారు. అంతకుముందు దాకా ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టి తినేవారు.

రోడ్డు రాలేదు. మోటారు రాలేదు. తగువు మాత్రం వచ్చేసింది. మోటారు ఎక్కడ ఆగుతుందని తగువు. ఆగిన చోట కాఫీ కొట్టు ఎవరు పెడతారని తగువు. ఎక్కేటప్పుడు ముందు ఏ వీధివాళ్లు ఎక్కాలని తగువు. మోటారు ఎలా ఉంటుందో చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

ఎగువ వీధివాళ్లు దిగువ వీధిలోకి వెళ్లడం మానేశారు. దిగువ వీధివాళ్లు ఎగువ వీధిలోకి రావడం మానేశారు. చర్చిలో చాపలు రెండు వైపులకి జరిగాయి, మధ్యలో మట్టి నేల తేలింది. ఎస్తేరుకి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. పుట్టింటికి వెళ్లాలి. పుట్టిల్లు దిగువ వీధిలో ఉంది.

"నా మనవడు ఆ వీధిలో పుట్టడానికి వీల్లేదు," అన్నాడు ఆశీర్వాదం.

"పంపకపోతే మానె. బతిమాలతానా?" అన్నాడు ఏసోబు.

జక్కయ్యగారు ముందు ఎగువ వీధికి వెళ్లి చెప్పారు, వినలేదు. తరవాత దిగువ వీధికి వెళ్లి చెప్పారు, వినలేదు. ఆ తరవాత రెండు వీధుల మధ్య నిలబడి ఏడ్చారు, ఎవరూ చూడలేదు. చివరికి పెద్దలిద్దరూ విడివిడిగా వచ్చి, ఒకే మాట చెప్పి వెళ్లారు.

"అయ్యగారూ, వచ్చే ఆదివారం మా వీధి బియ్యం ఒక మూటగా తెస్తాం. వాళ్లూ ఒక మూట తెస్తారు. మీరు ఒకటే తీసుకోవాలి. ఎవరి మూట తీసుకుంటే వాళ్ల పాస్టరు మీరు. రెండోవాళ్లు వేరే చర్చి కట్టుకుంటారు."

రాహేలమ్మగారు అడిగింది. "ఏ మూట తీసుకుంటారు?"

"ఎగువ మూట తీసుకుంటే దిగువ వీధి ఏడుస్తుంది. దిగువ మూట తీసుకుంటే ఎగువ వీధి ఏడుస్తుంది. రెండూ వద్దంటే..."

"మనం ఏడుస్తాం, ఆకలికి."

"ఆ కబురు తెచ్చింది నేను రాహేలూ. నా నోటితో నేనే తెచ్చాను. ఎలా సర్దాలో మాత్రం తెలియడం లేదు."

ఆదివారం వచ్చింది. గంట కొట్టారు. ఎగువ వీధి అంతా ఒక వైపు, దిగువ వీధి అంతా ఒక వైపు కూర్చున్నారు. కానుకల వేళ ఆశీర్వాదం ఒక మూట, ఏసోబు ఒక మూట తెచ్చి బల్ల మీద పెట్టి, మూతులు విప్పి నిలబడ్డారు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు జక్కయ్యగారు. కళ్లు మూసుకున్నారు. ఊరంతా కళ్లు మూసుకుంది.

ఆయన దేవుణ్ణి చాలాసేపు అడిగారు. ఎవరినీ ఏడిపించని దారి చూపించమని అడిగారు. అడుగుతూ అడుగుతూ తనను తాను మరిచిపోయారు. మరిచిపోయి, ప్రతి ఆదివారం చేసినట్టే చేశారు. కళ్లు మూసుకునే కుడి పక్క మూట ఎత్తి గంపలో పోశారు. కళ్లు మూసుకునే ఎడమ పక్క మూట ఎత్తి దాని మీద పోశారు. చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపారు. ఆమేన్ అన్నారు.

అందరూ కళ్లు తెరిచారు. జక్కయ్యగారు కూడా తెరిచారు.

"అయ్యగారూ, ఎంత పని చేశారు!" అన్నారు ఆశీర్వాదం, ఏసోబు ఒకేసారి. తగువు మొదలయ్యాక వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

ఇక్కడ కథ రెండు రకాలుగా చెబుతారు. కావాలనే కలిపారని కొందరంటారు. ఆయనది ఎంత గొప్ప ఉపాయమో అంటారు. రాహేలమ్మగారు మాత్రం చివరిదాకా ఒకటే చెప్పింది. "మా ఆయనకి అంత తెలివి లేదు."

నేను రాహేలమ్మగారినే నమ్ముతాను. ఎందుకంటే తరవాత ఆయన చేసింది ఉపాయం తెలిసినవాడు చేసే పని కాదు. ఆయన ముఖం పాలిపోయింది. పీట దిగి, గంప పక్కన నేల మీద కూర్చున్నారు.

"తప్పయిపోయింది. చేతులు అలవాటు మీద పోయాయి. ఎవరివి వాళ్లకి ఏరి ఇచ్చేస్తాను. చేటలు తెప్పించండి."

నిజంగానే ఏరడం మొదలుపెట్టారు! ఒక గింజ తీసి వెలుతుర్లోకి పట్టి చూశారు.

"ఇది ఎవరిది?"

"మాదే అయ్యగారూ, తెల్లగా ఉంది చూడండి," అన్నాడు ఆశీర్వాదం.

"తెల్లగా ఉంటే మాది," అన్నాడు ఏసోబు. "బావగారి చేలో ఎర్రగింజ పడుతుందని ఊరంతటికీ తెలుసు."

"ఎర్రగింజ పడింది మీ ఇంటి విత్తనం వేసిన ఏడు!"

వెనక నుంచి మార్తమ్మ అరిచింది. "ఎందుకు కొట్టుకుంటారు? ఆ గింజనే అడగండి, ఏ మూటలో వచ్చావే తల్లీ అని!"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

పాస్టరుగారు ఒక్కరే నేల మీద కూర్చుని ఏరుతుంటే చూస్తూ ఎవరు ఊరుకుంటారు? ముందు రాహేలమ్మగారు చేట తెచ్చుకుని కూర్చుంది. ఎగువ వీధి ఆడవాళ్లు వచ్చి ఒక పక్కన కూర్చున్నారు. వాళ్లెక్కడ ఎక్కువ ఏరుకుంటారో అని దిగువ వీధి ఆడవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తేలిన మట్టి నేల కనిపించకుండా పోయింది. మోకాలికి మోకాలు తగులుతోంది.

ఇది మాది. ఇది మీది. ఇది తెలియదు.

ఇది మాది. ఇది మీది. ఇది తెలియదు.

ఇలా ఏరగా ఏరగా నేల మీద మూడు కుప్పలు పడ్డాయి. మాది అన్న కుప్ప చారెడు. మీది అన్న కుప్ప చారెడు. తెలియదు అన్న కుప్ప మాత్రం మోకాలెత్తు లేచింది.

పొద్దెక్కింది. చేతులు ఆడుతుంటే నోళ్లు ఊరుకుంటాయా? "మీ పిల్లాడికి దగ్గు తగ్గిందా?" అని ఒకామె తల ఎత్తకుండా అడిగింది. "తగ్గిందిలే," అని ఎదుటామె తల ఎత్తకుండా చెప్పింది. జక్కయ్యగారు కూడా, ఏరుతూ ఏరుతూ, అలవాటు కొద్దీ అడిగారు.

"ఈ వారం ఎవరు నవ్వారు?"

ఎవరూ పలకలేదు.

"ఎవరు ఏడ్చారు?"

ఎస్తేరు లేచింది. నిండు నెలలు కదా, గోడ పట్టుకుని లేచింది.

"నేను ఏడ్చాను అయ్యగారూ."

"ఎందుకమ్మా?"

"పురిటికి పుట్టింటికి పంపం అన్నారు మావయ్య. రమ్మని అడగం అన్నారు నాన్న. నేను ఎవరికి చెప్పుకోను? అందుకని ఎవరికీ చెప్పకుండా రోజూ దొడ్డిదారిన మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను."

ఆశీర్వాదం నోరు తెరిచాడు. ఎస్తేరు ఆగలేదు.

"అక్కడ అమ్మకి ఎసరు పెట్టి, అమ్మ కుండలో ఒక పిడికెడు వేస్తున్నాను. తిరిగొచ్చి ఇక్కడ అత్తమ్మకి ఎసరు పెట్టి, ఈ కుండలో ఒక పిడికెడు వేస్తున్నాను. ఆ మూటలో నా చెయ్యి ఉంది. ఈ మూటలో నా చెయ్యి ఉంది. నన్ను ఏ చేటలో వేస్తారు నాన్నా? మావయ్యా, మీరు చెప్పండి, నన్ను ఏ చేటలో వేస్తారు?"

అప్పుడు దిగువ వీధి వైపు నుంచి ఇంకొక గొంతు వచ్చింది. "నేనూ అంతే అయ్యగారూ. మా పుట్టిల్లు ఎగువ వీధి."

"నేనూ," అంది ఇంకొకామె.

మూడో గొంతు ఎవరిదనుకున్నారు? ఆశీర్వాదం భార్యది. ఆమె చేట లోంచి తల ఎత్తకుండా అంది. "నేనూ వెళ్తున్నాను. రోజూ లొట్టలేసుకుంటూ తింటున్నారే చింతకాయ పచ్చడి, అది ఎక్కడిదనుకున్నారు? వదినగారిది."

ఆశీర్వాదం చేతిలో ఒక గింజ ఉంది. దాని వంక చూశాడు. ఏ కుప్పలో వెయ్యాలో తెలియలేదు. చాలాసేపు చూసి, తెలియదు అన్న కుప్పలో వేశాడు. వేసి, గొంతు సవరించుకున్నాడు.

"పచ్చడి బాగుంది బావగారూ."

ఏసోబు తల వంచుకున్నాడు. "ఉప్పెక్కువైందని మా ఆవిడ బాధపడుతోంది."

"లేదు లేదు. సరిపోయింది."

మార్తమ్మ లేచి కొంగు బిగించింది. "ఉప్పు సంగతి తరవాత తేల్చుకుందురుగాని. పిల్లలు ఆకలికి మలమల మాడుతున్నారు. ఆ మూడు కుప్పలూ కలిపి పొయ్యి మీద పడెయ్యండి. ఎస్తేరూ, నువ్వు కూర్చో తల్లీ. పురుడు పోసేది నేనే. నువ్వు మీ అమ్మ ఇంట్లోనే ఉంటావు. కాదన్నవాడికి ఈసారి బొడ్డు కాదు, నాలుక కోస్తాను."

ఎవరూ కాదనలేదు.

చర్చి ముందు పెద్ద గుండిగ ఎక్కించారు. ఊరి బియ్యమంతా ఒకే ఎసట్లో పడింది. అనుకున్నట్టే సగం చిమిడింది, సగం పలుకు. రాహేలమ్మగారు గరిటె పట్టుకుని సిగ్గుతో చచ్చిపోతుంటే, చింతకాయ పచ్చడి వేసుకుని ఊరంతా ఆకులు నాకింది. పలుకు పంటి కింద పడ్డప్పుడల్లా "ఇది ఎవరిది?" అని ఒకరు అనేవారు, "తెలియదు!" అని అందరూ అరిచేవారు. నవ్వులే నవ్వులు.

ఆకుల ముందు నిలబడి జక్కయ్యగారు అడిగారు. "ఎవరు నవ్వారు?"

అందరూ చేతులెత్తారు.

"ఎవరు రాలేదు?"

అందరూ చుట్టూ చూసుకున్నారు. ఆ రోజు రానివాళ్లు లేరు.

ఎస్తేరుకి దిగువ వీధిలో ఆడపిల్ల పుట్టింది. రెండు వీధులవాళ్లూ మా పోలికంటే మా పోలికని ఎత్తుకు తిరిగారు. మరి రోడ్డు? అది చాలా ఏళ్లకి వచ్చింది. ఆ కబురు కూడా జక్కయ్యగారే తెచ్చారు, భయం భయంగా. "రోడ్డు పక్క ఊరి మీదుగా పోతోందట." ముందు ఏసోబు నవ్వాడు. తరవాత ఆశీర్వాదం నవ్వాడు. ఆ తరవాత ఊరంతా ఎంత నవ్విందంటే, అలవాటు తప్పిపోయి పావురాలు కూడా ఎగిరిపోయాయట.

జక్కయ్యగారు ముసలివారై, ఒక కోతల కాలంలో, నిద్రలోనే వెళ్లిపోయారు. పెట్టె చిన్నది. దాన్ని మొయ్యడానికి మాత్రం ఊరంతా పోటీ పడింది. పెట్టె ముందు మా వీధిలోంచి వెళ్లాలి అన్నారు ఎగువవాళ్లు. కాదు, మా వీధిలోంచి అన్నారు దిగువవాళ్లు. గొంతులు లేచాయి.

మార్తమ్మ అప్పటికి బాగా వంగిపోయింది. కర్ర ఆనించుకుని వచ్చి నిలబడింది. "ఏం? చేట తెమ్మంటారా? ఆయన్ని కూడా ఏరుకుంటారా?"

ఏడుస్తున్నవాళ్లందరూ ఏడుస్తూనే నవ్వేశారు. పెట్టె రెండు వీధులూ తిరిగింది. సమాధి దగ్గర ఒక్కొక్కరూ ఒక పిడికెడు మన్ను వేశారు. ఎవరి మన్ను ఏదో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం పీట ఖాళీగా ఉంది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. రాహేలమ్మగారు లేచి, నెమ్మదిగా పీట ఎక్కింది. ప్రసంగం ఆమెకి రాదు. మూడు ప్రశ్నలు వచ్చు.

"ఈ వారం ఎవరు నవ్వారు? ఎవరు ఏడ్చారు?" అని అడిగింది. మూడోది అడగడానికి కాసేపు పట్టింది. "ఎవరు రాలేదు?"

ఎగువ వీధి, దిగువ వీధి, ఊరంతా కలిసి చెప్పింది.

"జక్కయ్యగారు."

ఇప్పటికీ రెల్లుపాలెంలో ఎవరైనా నాది నీది అని తగువు పడుతుంటే, "చేట తెమ్మంటావా?" అంటారు. తగువు పడేవాళ్లకి నవ్వొస్తుంది. ఇప్పటికీ కోతల పండుగ నాడు ఇంటింటి బియ్యం ఒకే గంపలో పోస్తారు. పిల్లలు చుట్టూ కూర్చుని, మాది, మీది, తెలియదు అంటూ మూడు కుప్పలు ఏరి, మళ్లీ కలిపేస్తారు. ఆ అన్నం ఇప్పటికీ సరిగ్గా ఉడకదు. పలుకు తగిలినవాళ్లు నమలడం ఆపి, ఏదో ఒక ఇంటి కోసం కళ్లు మూసుకుంటారు. ఎవరైనా ఇంట్లో ఆ అన్నాన్ని పదునుగా వండితే, ఇది జక్కయ్యగారి అన్నం కాదు అని మూతి ముడుస్తారు.

ఇప్పటికీ అక్కడ ప్రతి ఆదివారం ఆ మూడు ప్రశ్నలూ అడుగుతారు. మూడోది అడగగానే ముందు "జక్కయ్యగారు" అంటారు. తరవాత ఎక్కడెక్కడో ఉన్నవాళ్ల పేర్లు చెబుతారు. ఒక్కరి పేరూ వదలరు. పిల్లలూ, మన పెద్దలు ఆ ఊరివాళ్లే కదా, ఆ వరసలో మీ పేర్లున్నాయి. మీ ముఖాలు చూడనివాళ్లు కూడా మీ పేర్లు చెబుతారు.

అందుకే ఇదంతా చెప్పాను. మీరు ఎక్కడ వండుకున్నా, కుక్కర్లోనైనా సరే, ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టండి. అది ఎవరికివ్వాలో ఆ వారం కబుర్లే మీకు చెబుతాయి. ఎవరు నవ్వారో అడగండి. ఎవరు ఏడ్చారో అడగండి. ఎవరు రాలేదో అడగండి. పక్కన కూర్చున్నవాళ్లు ఇదేమిటని అడిగితే, వాళ్లకీ కథ చెప్పండి. కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆయన పేరు మాత్రం మరిచిపోకుండా చెప్పండి.